టిప్పు కాలం బాయ్‌నెట్ కొనుక్కోవడం ఎలా?

చిత్తూరు నుంచి కాణిపాకం పన్నెండు కిలోమీటర్లకు మించదు. వరసిద్ధి వినాయకుడి దర్శనం చేసుకుని, కోనేటి దగ్గర నాలుగు ఫొటోలు దిగి, ప్రసాదం సంచీతో బయటికొచ్చిన మనిషికి ఇంకా సగం పూట మిగిలే ఉంటుంది. జేబులో కొంత డబ్బూ మిగిలి ఉంటుంది. ఈ రెండింటితో పాటు పాత వస్తువుల మీద మోజు కూడా ఉంటే ఇక ఆ మనిషికి లోటల్లా సరైన సలహా ఒక్కటే. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

మొదట ఈ నేల బలం తెలుసుకోండి. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం పక్కన పొల్లిలూరులో హైదరాలీ, టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీకి చెందిన కల్నల్ బెయిలీ దళాన్ని మట్టికరిపించారు. మరుసటి ఏడు షోలింగూర్ దగ్గర కంపెనీ సేనాని ఐర్ కూట్‌తో యుద్ధం. 1782 డిసెంబరు 7న హైదరాలీ కన్నుమూసింది కూడా మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర దండులోనే. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి ఈ సీమ కంపెనీ చేతికి పోయింది. 1804లో చిత్తూరు పాలెగాళ్లు తిరగబడ్డారు. ఇంత చరిత్ర జరిగినచోట తుప్పుపట్టిన ఇనుపముక్క ఏది దొరికినా అది టిప్పుది కాక ఇంకెవరిదవుతుంది? పాత ఇనుము కొట్టువాడిది అవుతుందనేవాళ్లు ఉంటారు. బేరానికి వాళ్లను వెంట తీసుకుపోకండి.

ముఖ్యంగా మీ వీధిలో పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో (ఏఆర్‌లో) పనిచేసి రిటైరయిన హెడ్ కానిస్టేబుల్ ఎవరైనా ఉంటే ఆయనకు ఈ సంగతి అస్సలు తెలియనివ్వకండి. ఎందుకో ముందు ముందు చెబుతాను.

వస్తువు చూడకముందే కథ వినాలి. ఇది మూలసూత్రం. కథ బాగుంటే వస్తువు బాగున్నట్టే. మంచి కథలో ఒక జేజినాయన, ఒక బావి, ఒక దొర తప్పనిసరిగా ఉంటారు.

"మా జేజినాయనకు వాళ్ల జేజినాయన ఇచ్చినాడంట సార్. హైదరాలీ దండు ఈడ దిగినప్పుడు మా బాయి కాడ నీళ్లు తాగి, దీన్ని మర్సిపోయి పొయ్‌నారంట. మా నాయన ఉన్నెప్పుడు ఒక దొర వొచ్చి లచ్చ రూపాయలిస్తానన్యాడు. ఇయ్యలేదు."

"మరి నాకెంతకిస్తావప్పా?"

"మీరు సామి దర్శనానికొచ్చినోళ్లు. పదైదు వేలియ్యండి."

లక్షకు ఇవ్వనిది పదిహేను వేలకు ఎందుకిస్తున్నాడని అడగకండి. యుద్ధానికి పోతున్న సిపాయి బాయ్‌నెట్‌ను బావిగట్టున ఎలా మర్చిపోతాడని అసలే అడగకండి. ప్రశ్నలు వేసేకొద్దీ కథ చిక్కిపోతుంది, కథ చిక్కిపోతే మీరు కొనేదేముంది?

గిట్టనివాళ్లు ఇక్కడ లండన్ సంగతి ఎత్తుతారు. 2023 మే 23న బోన్‌హామ్స్ వేలంలో టిప్పు పడకగది కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది కదా, అది కత్తికి వచ్చిన ధర కాదు, కాగితాలకు వచ్చిన ధర అంటారు. ఆ కత్తి 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక డేవిడ్ బెయిర్డ్‌కు దక్కింది. ఆయనెవరంటే, పొల్లిలూరులో గాయపడి పట్టుబడి శ్రీరంగపట్నంలో మూడేళ్లకు పైగా సంకెళ్లలో మగ్గినవాడే. అదే ఊరి కోట మీదికి పందొమ్మిదేళ్ల తర్వాత ముట్టడిదళాన్ని నడిపించాడు. కత్తి ఆయనకిచ్చినట్టు కత్తి మీదే చెక్కి ఉంది, ఆ తర్వాత ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో రాతపూర్వకంగా ఉంది. మన బాయ్‌నెట్‌కు ఆ బాదరబందీ లేదు. దాన్ని ఇచ్చిందీ జేజినాయనే, పుచ్చుకుందీ జేజినాయనే.

కథ అయ్యాక వస్తువును చేతిలోకి తీసుకోవచ్చు. టేపు మాత్రం తీసుకుపోకండి. హైదర్, టిప్పుల కాలంలో కంపెనీ సిపాయి తుపాకీకి తగిలించిన బాయ్‌నెట్‌కు మనం అనుకునే కత్తి రూపమే లేదు. దానికి పిడి ఉండదు. నాలుగంగుళాల ఇనుప గొట్టం, ఆ గొట్టానికి మెలిక తిరిగిన గాడి, పక్కకు వంగిన మెడ, దాని చివర పదిహేడంగుళాల మూడు పలకల ములుకు. గొట్టాన్ని తుపాకి మూతికి తొడిగి తిప్పితే గాడిలో బొడిపె పడి బిగుసుకుంటుంది. దానితో నరకడం కుదరదు, పొడవడమే. బంగాళదుంప కూడా తరగలేని ఆ ములుకును చూస్తే మీ బావమరిది నవ్వుతాడు. అందుకని దాన్ని పక్కన పడేసి, చక్కటి చెక్క పిడి, అడ్డుపట్టీ, చదునైన పొడుగాటి అలుగు ఉన్నదాన్నే టిప్పుదిగా ఎంచుకోండి. గోడకు అందంగా ఉంటుంది.

అలా ఎంచుకున్నది బహుశా 1907 నమూనా అయి ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా చేతికి తగిలే పాత బాయ్‌నెట్ అదే. మన పోలీసులు దశాబ్దాల పాటు భుజాన మోసిన త్రీ నాట్ త్రీ రైఫిల్‌కు జోడీ. జపాన్ వాళ్ల అరిసాకా రైఫిల్ బాయ్‌నెట్ చూసి బ్రిటిష్‌వాళ్లు దాన్ని రూపొందించారు. అంటే మీరు కొనబోయే టిప్పు ఆయుధానికి తాత జపాన్‌లో ఉన్నాడు. ఈ జేజినాయనను మాత్రం అమ్మేవాడు మీకు పరిచయం చేయడు.

దాని అలుగు మొదట్లో, అడ్డుపట్టీకి ఆనుకుని, బొటనవేలు పట్టేంత చదును జాగా ఉంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అక్కడ పైన ఒక కిరీటం, దాని కింద జి.ఆర్. అనే రెండు అక్షరాలు, కింద 1907, ఆ కింద ఇంకా చిన్నగా 10 '17 లాంటి అంకెలు, అడుగున విల్కిన్సన్ అనో శాండర్సన్ అనో చాప్‌మన్ అనో చేసినవాడి పేరు కనిపిస్తాయి. రెండోవైపు తిప్పితే బాణం మొన గుర్తు, అలుగును వంచి పరీక్షించామని చెప్పే ఇంటూ గుర్తు, కిరీటం కింద అంకెలతో ఇన్‌స్పెక్టర్ల ముద్రలు. కిరీటం, అక్షరాలు అయిదో జార్జి రాజువి. 1907 అన్నది నమూనా పేరు. చేసిన తేదీ దాని కింద ఉన్న చిన్న అంకెలు, అంటే 1917 అక్టోబరు. ఇదంతా తెలుసుకున్నవాడు పదిహేను వేలు పెట్టి టిప్పు బాయ్‌నెట్ ఈ జన్మలో కొనలేడు. అందుకని అమ్మేవాడినే చదివి అర్థం చెప్పమనండి.

"1907 అంటే ఆ సిపాయి నెంబరు సార్."

"మరి ఈ జి.ఆర్.?"

"గంగిరెడ్డి. మా జేజినాయన. పైన కిరీటం రాజుగారు పెట్టిచ్చినాడు."

ఇంత సూటిగా ఏ మ్యూజియం క్యూరేటరూ చెప్పలేడు. ఒకవేళ అక్షరాలు అచ్చు గుద్దినట్టు పదునుగా లేకుండా, అంచులు కరిగి మెత్తబడినట్టు కనిపిస్తే ఇంకా సంతోషించండి. అసలు వస్తువు మీద ముద్రలు ఉక్కు అచ్చుతో కొట్టినవి కాబట్టి అరిగినా అడుగు స్పష్టంగా ఉంటుందనీ, మూసలో పోసిన నకలు మీదే అక్షరం ఆవిరి పట్టినట్టు ఉబ్బి ఉంటుందనీ, మూస రెండు ముక్కలూ కలిసినచోట సన్నటి గీత కూడా మిగులుతుందనీ కొందరంటారు. మీకు గీత కనిపిస్తే అది కత్తిపోటు తగిలిన గుర్తు. అలుగు మీద ముద్రల్లో అక్షరదోషం ఉన్నా కంగారు పడకండి, దొరలకు అప్పట్లో ఇంగ్లీషు సరిగా వచ్చేది కాదు.

కొన్నిటికి అడ్డుపట్టీ కింది కొస కొక్కెంలా ముందుకు వంగి ఉంటుంది. అది కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి. ఆ కొక్కెం 1913లో తీసేశారు, అంతకుముందు చేసినవాటికి కూడా చాలావాటికి కోసేశారు, కాబట్టి కొక్కెం మిగిలినవి అరుదు, ధరలో వాటి సంగతే వేరు. అరుదైనదానికి వెల్డింగ్ షాపు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. అలుగు మీద 1917 తేదీ ఉండి అడ్డుపట్టీకి కొక్కెం కూడా ఉంటే, తీసేసిన నాలుగేళ్ల తర్వాత అది మళ్లీ మొలిచిందన్నమాట. కొక్కెం మొదట్లో ఆకురాయి గీతలు, రంగు తేడా వెతుక్కుంటూ కూర్చోకండి. అలాగే పిడి చివర ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గాడిలో చేరిన బురద బయటికి పోవడానికి 1916 నుంచి పెట్టిన ఏర్పాటు అది. మీరు దాన్ని మేకుకు తగిలించడానికి పెట్టిందనుకోండి, మీ గోడకు పనికొస్తుంది.

అలుగు పదిహేడంగుళాలు లేకుండా పన్నెండే ఉంటే యుద్ధంలో విరిగిందని చెబుతారు, నమ్మండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ బాయ్‌నెట్ అలుగును పన్నెండంగుళాలకు కుదించి, మధ్యలో గాడి కూడా తీసేసి, లక్షణంగా చేసిచ్చింది. వాటి మీద ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటుంది. అది కూడా అసలు వస్తువే, మన చేతుల్లో తయారైన వస్తువు, నిజానికి మన ఇంట్లో ఉండదగ్గది. కాని ఫ్యాక్టరీలో చేసినదానికీ యుద్ధంలో విరిగినదానికీ ఏది గొప్ప?

ఇప్పుడు ఆ హెడ్ కానిస్టేబుల్ దగ్గరికొద్దాం. ఆయనను ఎందుకు దూరం పెట్టమన్నానంటే ఆయనకు చరిత్ర తెలియదు, రైఫిల్ మాత్రం తెలుసు. బాయ్‌నెట్ చేతికివ్వగానే ముద్రలు చూడడు. పిడి చివర బొత్తాం నొక్కుతాడు. లోపలి స్ప్రింగు గట్టిగా ఎదురు తంతోందా, గాడిలోని కొక్కి లోపలికి పోయి వదలగానే టక్కున బయటికొస్తోందా అని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. తర్వాత అడ్డుపట్టీ పైన ఉన్న రింగులో చిటికెనవేలు దూర్చి లోపలి గోడ నున్నగా ఉందా అని తిప్పుతాడు. ఆ రింగు కూర్చునేది తుపాకి గొట్టానికి కాదు, మూతి కింద ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి బొడిపెకు. ఆ సైజులో వెంట్రుకంత తేడా ఉన్నా పరేడ్‌లో పరువు పోతుందని ఆయనకు పాతికేళ్ల సర్వీసు నేర్పింది. అలంకారానికి చేసిన నకలులో బొత్తాం నొక్కితే నొక్కుకోదు, నొక్కుకుంటే తిరిగి రాదు. రింగు ఏ రైఫిల్‌కూ పట్టదు. ఆయన ఇది రైఫిల్‌కు పట్టదు అని ఒక్క మాట అంటే మీ పదిహేను వేల ఉత్సాహం అక్కడే నీరుగారిపోతుంది.

దీనికి అమ్మేవాడి దగ్గర మందుంది. "స్వామికి చేయించిన వెండి కవచమే ఇప్పుడు పట్టదు సార్, ఈడ అన్నీ పెరుగుతాయి" అంటాడు. విగ్రహం పెరుగుతుందన్న దేవుడి మహిమను ఇనుముకు కూడా వర్తింపజేయగల భక్తుడితో ఏం వాదిస్తాం!

తుప్పు సంగతి. ఎంత ఎర్రగా ఉంటే అంత పాతది. చేతికి కుంకుమలా అంటుకుంటే మరీ పాతది. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ, నలుపు రంగుల్లోకి తిరిగి ఇనుములోకి దిగిపోతుందనీ, అక్కడక్కడా ఎగుడుదిగుడు గుంతలు పడతాయనీ, చెయ్యి తగిలేచోట నున్నగానూ అడ్డుపట్టీ మూలల్లో చిక్కగానూ ఉంటుందనీ, కొస నుంచి మొదలు దాకా ఒకే మందంలో నారింజరంగు తుప్పు ఉంటే అది ఉప్పునీళ్లో యాసిడో ఎరువుగుంతో చేసిన పని అనీ అంటారు. ఒరలో ఉన్న భాగమూ, బయట ఉన్న భాగమూ సమానంగా తుప్పు పట్టి ఉంటే అది సమదృష్టికి నిదర్శనం. ఇంకా అనుమానముంటే జేబులోంచి అయస్కాంతం తీయండి. అంటుకుంటే అసలుది. అంటుకోని ఇనుము దొరకదు కాబట్టి ఈ పరీక్షలో ఇంతవరకూ ఏ బాయ్‌నెట్టూ ఫెయిల్ కాలేదు.

పిడి చెక్కలను పట్టి ఉంచే స్క్రూలకు స్టార్ స్క్రూడ్రైవర్ పట్టే తలలుంటే వాటిని గట్టిగా బిగించుకోండి, దారిలో ఊడిపోతాయి. ఆ రకం తలకట్టు 1930లలో అమెరికాలో మొదలైంది. టిప్పు 1799 మే 4న చనిపోయాడు. మధ్యలో ఉన్న నూట ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఎవరికి లెక్క?

కంపెనీ గుర్తు కూడా అడిగి చూడండి. నాలుగు గడులుగా చీల్చిన హృదయాకారంలో అక్షరాలు. పద్దెనిమిదో శతాబ్దపు కంపెనీ తుపాకుల చాపం (లాక్) పలక మీదా, కంపెనీ పైసల మీదా కనబడే గుర్తు అది. మీ బాయ్‌నెట్ పిడి మీద, ఒర మీద, అలుగుకు రెండువైపులా కూడా అది ఉంటే మీ అదృష్టం నాలుగింతలైనట్టు. ఒరకు ఇత్తడి పులి బొమ్మ అతికించి ఉంటే ఇక టిప్పు సంతకం కోసం వెతకక్కర్లేదు.

డెహ్రాడూన్ మాట ఎత్తి మిమ్మల్ని బెదరగొట్టేవాళ్లున్నారు. అక్కడ విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ అనే సంస్థ 1943 నుంచీ ఉంది. పాత కత్తుల నమూనాలు చేసి ప్రపంచమంతా పంపుతుంది. నకలును నకలనే చెప్పి అమ్మడంలో తప్పేముంది? ఎటొచ్చీ ఎవరి చేతిలో తయారైన నకలైనా సరే, నాలుగు చేతులు మారి, ఏదో పొలంలో రెండు వానలు తడిసి వచ్చేసరికి దాని పుట్టినరోజు నూట యాభై ఏళ్లు వెనక్కి జరుగుతుంది. మనుషులకు లేని ఈ సౌకర్యం దానికెందుకు కాదనాలి?

మా తాత మిలటరీ నుంచి తెచ్చాడన్న మాట వింటే ఆగకండి, వెంటనే డబ్బు తీయండి. రెండు ప్రపంచయుద్ధాలకూ మనవాళ్లు పోయారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యం చేరిపోయింది. కాని పతకాలూ పింఛనూ ఇంటికొస్తాయి, రైఫిలూ బాయ్‌నెట్టూ సర్కారు సొత్తు, లెక్క చూసి డిపోలో అప్పగించి రావాలి. అప్పగించకుండా తెచ్చిన తాత ఉంటే ఆయన వీరుడే, ఆ వీరత్వం వేరే రకం.

ఇన్ని చెప్పినా అసలైన పరీక్ష వేరే ఉంది. కాణిపాకంలో ఉండి దాన్ని వదులుకోవడం పాపం. అబద్ధం ఆడినవాడిని స్వామి వదలడని ఈ సీమంతా నమ్మకం. అప్పు తగాదాల నుంచి అసెంబ్లీ సవాళ్ల దాకా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్న మాటతో తేలిపోతాయి. కాబట్టి అమ్మేవాడిని కోనేట్లో ముంచి గుడి ముందు నిలబెట్టండి. "ఇది మా జేజినాయన ఇంటి గోడకు ఉండె, ఆయన టిప్పుదని చెప్తా ఉండె, స్వామి సాక్షి" అని అతను చేతిలో కర్పూరం వెలిగించుకుని మరీ చెబుతాడు. పాపం, అందులో ఒక్క ముక్క అబద్ధం ఉండకపోవచ్చు. గోడకు ఉండింది నిజం, జేజినాయన చెప్పింది నిజం, జేజినాయన నమ్మింది కూడా నిజమే అయి ఉంటుంది. దేవుడు మనిషి మాటలో అబద్ధం పట్టుకుంటాడు గాని, అలుగు మీద 10 '17 అని ఉందని మీ చెవిలో చెప్పడం ఆయన పని కాదు, దానికి మీకు కళ్లిచ్చాడు. ఆ కళ్లు మూసుకుని దండం పెట్టుకోండి.

కొన్నాక చట్టం గురించి భయపెట్టేవాళ్లు బయల్దేరతారు. పొలంలో దున్నుతుంటే దొరికిందన్న కథే నిజమైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కింద పది రూపాయలు దాటిన ఏ నిక్షేపమైనా కలెక్టరుకు రాసి తెలపాలంటారు. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తుంది, దాంతో వ్యాపారం చేసేవాడికి లైసెన్సుండాలి, దేశం దాటించకూడదంటారు. 2016 ఆయుధాల నిబంధనల్లో అయిదో కేటగిరీలో బాయ్‌నెట్ పేరు పెట్టి మరీ రాసి ఉందంటారు. అంటే మీది అసలుదైతే మూడు చట్టాలు, నకిలీదైతే ఒక్క మోసం. తక్కువ తలనొప్పి ఏదో మీరే లెక్క వేసుకోండి. డాలస్‌లో ఉన్న మీ అబ్బాయికి సూట్‌కేసులో పెట్టి పంపే ఆలోచన మాత్రం మీ సొంత ఆలోచన, నా సలహా కాదు.

ఇంటికి తెచ్చాక వెంటనే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమండి. లొంగకపోతే గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి పట్టించండి. తెలిసినవాళ్లు అయితే పలచగా నూనె రాసి, మెత్తటి ఉక్కుపీచుతో వదులు తుప్పు మాత్రం తీసి, ముదురు రంగును ముట్టుకోరు. ఆ రంగులోనే దాని వయసు ఉందంటారు. మీరు తళతళలాడేదాకా వదలొద్దు. ఒకవేళ పొరపాటున, వేలల్లో ఒకసారి జరిగినట్టు, అమ్మినవాడికి కూడా తెలియకుండా మీకు నిజంగానే ఇషాపూర్ బాయ్‌నెట్ దొరికి ఉంటే, ముద్రలు చెరిగిపోయేదాకా తోమితే ఆ ప్రమాదం కూడా తొలగిపోతుంది. ఆయుధపూజ నాడు పసుపునీళ్లు చల్లి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ గుచ్చి పొద్దుటిదాకా అలాగే ఉంచండి. నిమ్మరసం చేసే పని తెల్లారేసరికి కనిపిస్తుంది.

చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియానికో, హైదరాబాదు సాలార్‌జంగ్‌కో పోయి ఆయుధాల గదిలో అద్దాల వెనక ఉన్నవాటితో మీదాన్ని పోల్చి చూసుకోవాలనిపిస్తే ఆ కోరికను అణచుకోండి. టికెట్టు ఖర్చు దండగ.

ఏదో ఒకనాటికి దాన్ని వదిలించుకోవాలనిపిస్తుంది. అప్పుడు మీరు కొన్న ధర ఎవరికీ చెప్పకండి. కథలో ఇంకో జేజినాయనను కలపండి, బావి పక్కన ఒక మామిడిచెట్టు వేయండి, దొర ఇస్తానన్న లక్షను అయిదు లక్షలు చేయండి. కొనడానికి వచ్చేవాడు ఒంటరిగా వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి. వెంట ఆ హెడ్ కానిస్టేబుల్ కూడా వస్తే మాత్రం అది ఇంట్లో లేదని, మా అత్తగారి ఊరికి పంపామని చెప్పండి.